నల్లరేగడిలో పాత పికప్: వానకూ పొగమంచుకూ ముందు ఏ ఖర్చు అవసరం, ఏది అక్కరలేదు

రాయలసీమలో బండి నడిపేవారికి చలికాలం రెండు విడతలుగా వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతోనూ, బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలతోనూ వానలు పడి చేలూ, చేలకు పోయే రస్తాలూ బురదగా మారుతాయి. వాన వెనుకబట్టిన తరువాత సంక్రాంతి దాకా తెల్లవారుజామున పొగమంచు దారిని కప్పుతుంది. ఉల్లి కర్నూలు యార్డుకు చేరవలసిందీ, టమాటా పత్తికొండ, ప్యాపిలి మార్కెట్లకు వెళ్ళవలసిందీ, అనంతపురం పల్లెల నుంచి వేరుశనగ, చీనీకాయలు (బత్తాయిలు) కదలవలసిందీ ఈ నెలల్లోనే. ఆ సరుకు మోసే బండ్లలో పదేళ్ళు దాటినవి, వెనక చక్రాలకు మాత్రమే ఇంజను బలం అందేవి చాలా ఉన్నాయి.

నా దగ్గర 2009 నాటి బొలెరో పికప్ ఉంది. పత్తికొండకు పడమర వైపు నల్లరేగడి చేలలో సొంత పంటతో పాటు ఇరుగుపొరుగు రైతుల సరుకును కూడా బాడుగకు తోలుతాను. దసరా దగ్గర పడేసరికి తోటి బండివాళ్ళతో మాట్లాడేదంతా ఒకే విషయం మీదికి వస్తుంది: చేతిలో ఉన్న కొద్ది డబ్బును టైర్ల మీద పెట్టాలా, బ్యాటరీ మీద పెట్టాలా, ఎల్ఈడీ దీపాల మీద పెట్టాలా, లేక ఈ బండిని అమ్మేసి ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకోవాలా? నా అభిప్రాయం మొదటే చెబుతాను. మొదటి రూపాయి వెనక టైర్ల మీద పెట్టాలి. రెండవది ముందు దీపాలు, వైపర్లు, బ్రేకుల మీద పెట్టాలి. బ్యాటరీని పరీక్ష చేయించి, అవసరమైతేనే మార్చాలి. మిగిలిన వాటిలో చాలా భాగం మన ప్రాంతానికి అక్కరలేదు. ఎందుకు అలా అంటున్నానో ఒక్కొక్కటిగా వివరిస్తాను.

ఇటువంటి బండిని చలికాలానికి సిద్ధం చేయడం గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం మంచు గడ్డకట్టే ప్రాంతాలవారు చెప్పినవి. మంచు టైర్లు వేయించండి, తొట్టిలో ఇసుక మూటలు పెట్టండి, చక్రాలకు గొలుసులు చుట్టండి, రేడియేటర్ గడ్డకట్టకుండా చూడండి, పలుచటి ఇంజన్ ఆయిల్ పోయండి అని అవి చెబుతాయి. కర్నూలులో మంచు కురవదు కనుక అవన్నీ మనకు పనికిరావని కొట్టిపారేయడం పొరపాటు, ఉన్నవి ఉన్నట్టు పాటించడం కూడా పొరపాటే. వాటిలో చలికి సంబంధించినవి మనకు పనికిరావు, పట్టుకు సంబంధించినవి అక్షరాలా పనికివస్తాయి. మంచులో ఖాళీ పికప్ ఏ కారణంతో కదలలేకపోతుందో, నల్లరేగడి బురదలోనూ అదే కారణంతో కదలలేకపోతుంది.

ఆ కారణం ఇది. పికప్‌ను సరుకు మోయడానికి తయారుచేస్తారు. తొట్టిలో టన్ను బరువు ఉన్నప్పుడు వెనక ఇరుసు నేలను గట్టిగా నొక్కుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఇంజను, గేరుబాక్సు, క్యాబిన్ అన్నీ ముందు వైపే ఉండటం వలన బండి బరువులో సగానికి మించి ముందు చక్రాల మీద ఉంటుంది. కాని బండిని నెట్టవలసినవి వెనక చక్రాలు. వాటి మీద బరువు లేక అవి నేలను పట్టలేవు. దీనికి తోడు, మామూలు డిఫరెన్షియల్ (ఇంజను బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచే పళ్ళచక్రాల అమరిక) ఉన్న హౌసింగులో, అంటే వెనక ఇరుసు పెట్టెలో, ఒక చక్రం జారడం మొదలుపెడితే రెండో చక్రానికీ తగిన బలం అందదు. జారే చక్రం ఎంత తక్కువ బలంతో తిరుగుతుందో, గట్టి నేల మీద ఉన్న చక్రానికి కూడా దాదాపు అంతే బలం చేరుతుంది. గట్టు మీద నిలబడి చూసేవారికి ఒక చక్రం బురద చిమ్ముతూ గిరగిర తిరగడం, రెండోది కదలకుండా ఉండటం కనిపించేది అందుకే.

టైర్లు: ఒకే టైరు మూడు నేలలకు సరిపోదు

నల్లరేగడి నీరు తాగితే ఉబ్బే నేల. ఎండాకాలంలో పిడికిలి పట్టే పగుళ్ళు వచ్చే అదే నేల, రెండు రోజుల వానకు జిగటగా మారి చెప్పుకూ, నాగలికీ, టైరుకూ ఒకేలా అంటుకుంటుంది. అది టైరు గాడుల్లో నిండిందంటే కొత్త టైరు కూడా బోడి టైరే. కనుక ఈ నేలలో గాడి లోతు ఎంత అన్నది ఎంత ముఖ్యమో, గాడి ఎంత వెడల్పుగా ఉంది, పక్కలకు తెరుచుకుని ఉందా లేదా అన్నదీ అంతే ముఖ్యం. చుట్టూ గీతలు గీసినట్టుండే రిబ్ టైరులో ఇరుక్కున్న బురదకు బయటికి పోయే దారి ఉండదు. అడ్డంగా పెద్ద దిమ్మెలుండే లగ్ టైరులో చక్రం తిరిగే ఊపుకు బురద పక్కలకు చిమ్మి, దిమ్మె మళ్ళీ నేలను కొరుకుతుంది.

ఆదోని, ఆలూరు, పత్తికొండ, ఎమ్మిగనూరు వైపు చేలలోకి దిగే బండికి వెనక లగ్ టైర్లు, ముందు రిబ్ టైర్లు సరైన జత అని నా అనుభవం. ముందు చక్రాలు దారి చూపాలి, బ్రేకు పట్టాలి. వాటికి రిబ్ టైరు తారురోడ్డు మీద నిలకడ ఇస్తుంది. లగ్ టైరుకు లోపాలూ ఉన్నాయి. తారురోడ్డు మీద మోత చేస్తుంది, కాస్త ఎక్కువ డీజిల్ తాగుతుంది, తడిసిన నున్నటి రోడ్డు మీద మంచి రేడియల్ (పక్క గోడ మెత్తగా వంగే రకం) రిబ్ టైరంత పట్టు ఇవ్వదు. కనుక నెలలో ఇరవై రోజులు జాతీయ రహదారి మీదనే తిరిగే బండికి నేను దీనిని సిఫారసు చేయను.

అనంతపురం వైపు ఎర్రనేలలో లెక్క మారుతుంది. అక్కడి గరుసు నేలలో వాన నీరు త్వరగా ఇంకిపోతుంది, బండి దిగబడటం తక్కువ. టైరును తినేవి గులకరాళ్ళు, తుమ్మముళ్ళు, రాతి మొనలు. పక్క గోడలు మందంగా ఉండే నైలాన్ టైర్లను అక్కడి బండివాళ్ళు ఇప్పటికీ ఇష్టపడటానికి కారణం ఉంది. కాని రేడియల్ టైరు పక్క గోడ మెత్తగా వంగడం వలన దాని అడుగుభాగం నేలమీద ఎక్కువ మేర పరుచుకుంటుంది, వేడి తక్కువగా పుడుతుంది, ఎక్కువ దూరం మన్నుతుంది. రాళ్ళ క్వారీలకూ గుట్టల తోటలకూ పోయే బండికి నైలాన్, మిగతా అందరికీ రేడియల్ అని నేను తేల్చుకున్నాను. ఒకే ఇరుసుకు ఒకవైపు రేడియల్, మరోవైపు నైలాన్ ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకూడదు. బ్రేకు వేసినప్పుడూ, మలుపులోనూ రెండూ రెండు రకాలుగా ప్రవర్తించి బండి పక్కకు లాగుతుంది.

కడప నుంచి రాయచోటికి గువ్వలచెరువు ఘాట్ మీదుగా గానీ, నంద్యాల నుంచి గిద్దలూరుకు నల్లమల మీదుగా గానీ సరుకు తోలేవారికి బురద కంటే తడిసిన తారు మలుపే పెద్ద ప్రమాదం. వారికి నాలుగు చక్రాలకూ మంచి గాడి ఉన్న రేడియల్ రిబ్ టైర్లే ఉత్తమం. అక్కడ లగ్ టైరు వేసుకుంటే ఉపయోగం లేని చోట ఖర్చు పెట్టి, అవసరమైన చోట పట్టు పోగొట్టుకున్నట్టు అవుతుంది.

కొత్త టైరా, రీబటన్ టైరా (అరిగిన టైరు మీద కొత్త గాడి రబ్బరు అతికించినది) అన్నది తరువాతి ప్రశ్న. మంచి కేసింగ్ (పాత టైరు ఒళ్ళు) మీద నమ్మకమైన చోట చేయించిన రీబటన్ టైరు వెనక ఇరుసుకు తప్పు కాదు; లారీలవాళ్ళు దానిమీదనే బతుకుతున్నారు. ముందు చక్రాలకు మాత్రం వద్దు. ముందు టైరు పగిలితే స్టీరింగు చేతిలో నిలవదు. రెండింటికీ డబ్బు చాలకపోతే వెనక రీబటన్ లగ్ టైర్లు వేయించి, ఆ మిగులుతో ముందు రెండు కొత్తవి వేయించడం నాకు నచ్చిన ఏర్పాటు.

గాడి లోతు విషయంలో చట్టం చెప్పే హద్దు 1.6 మిల్లీమీటర్లు. గాడుల అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మెలు పోసి ఉంటాయి; టైరు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే ఆ హద్దుకు చేరినట్టు. అది తారురోడ్డు మీద చట్టబద్ధంగా తిరగడానికి సరిపోయే లెక్క మాత్రమే. బురదలోకి దిగే వెనక టైరుకు దానికి మూడింతలైనా లోతు ఉండాలని నేను పట్టుబడతాను. టైరును ఎండాకాలం అంతా అరగదీసి, చివరి గాడి మిగిలి ఉండగా వానలోకి తీసుకుపోవడం తలకిందుల పని. కొత్త టైర్లను అక్టోబరుకు ముందు వేయించి, వాటి లోతైన గాడిని వానల్లో వాడుకుని, సగం అరిగిన తరువాత ఎండాకాలం నడుపుకోవడంలో అదే ధరకు రెట్టింపు ఉపయోగం ఉంది.

కొనేటప్పుడు టైరు పుట్టిన తేదీ చూడటం మరవకూడదు. నాలుగేళ్ళ కిందట కొత్తవని చెప్పి ఒక దుకాణంలో నాకు రెండు టైర్లు అంటగట్టారు. గాడి నిండుగా, నల్లగా నిగనిగలాడుతున్నాయి. నవంబరులో ఒక రోజు వంక (వాగు) దాటిన తరువాత పక్క గోడమీద వెంట్రుకవాసి పగుళ్ళు కనిపించాయి. కొడవలి మొనతో ఎండిన బురద గీకి చూస్తే గుండ్రటి గడిలో నాలుగు అంకెలున్నాయి. మొదటి రెండు అంకెలు ఏడాదిలో ఎన్నో వారమో, చివరి రెండు ఏ ఏడాదో తెలుపుతాయి. అంటే 3219 అని ఉంటే అది 2019వ సంవత్సరం 32వ వారంలో తయారైనదని అర్థం. నా టైర్లు నేను కొన్న నాటికే అయిదేళ్ళు నిండినవి. టైరు నడిచినా నడవకపోయినా మన ఎండకు రబ్బరు గట్టిపడుతుంది, గట్టిపడిన రబ్బరు తడినేలను పట్టదు. అప్పటి నుంచి డబ్బు చేతిలో పెట్టకముందే వంగి ఆ అంకెలు చదువుతున్నాను.

గాలి గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇది ఖర్చులేని మార్పు. సరుకుకు తగినట్టు వెనక చక్రాల్లో గట్టిగా గాలి పట్టించి, ఖాళీ బండితో అదే గాలిమీద చేలోకి పోతే టైరు బంతిలా ఉబ్బి నడుమ భాగం మాత్రమే నేలకు ఆనుతుంది. బండి మీద కంపెనీ అతికించిన పట్టికలో ఖాళీకీ, నిండు బరువుకూ వేర్వేరు లెక్కలుంటాయి. వాటిని పాటించడం మొదటి మెట్టు. దిగబడిన తరువాత గాలిని ఇంకా తగ్గిస్తే టైరు పరుచుకుని పైకి లేవడానికి సాయపడుతుంది, కాని మళ్ళీ గాలి నింపుకునే పంపు బండిలో ఉంటేనే ఆ పని చేయాలి. గాలి తగ్గిన టైరుతో సరుకెత్తుకుని తారురోడ్డు ఎక్కితే పక్క గోడ కాలిపోతుంది. చలి వలన కూడా గాలి తగ్గుతుంది. వాతావరణం అయిదారు డిగ్రీలు చల్లబడితే సుమారు 1 పీఎస్ఐ (టైరు గాలి ఒత్తిడి కొలత) పడిపోతుంది కనుక, మధ్యాహ్నం ఎండలో పట్టించిన గాలి తెల్లవారుజాముకు మూడు దాకా తక్కువ చూపడం వింత కాదు. ఉదయం బండి కదలకముందు కొలవడమే సరైన పద్ధతి.

తొట్టిలో బరువు: ఇసుకా, రాళ్ళా, నీళ్ళ డ్రమ్మా

వెనక ఇరుసు మీద బరువు లేదన్నదే అసలు చిక్కు కనుక బరువు పెడితే సరిపోతుందన్న ఆలోచన సహజం. మంచుదేశాల్లోనూ పికప్‌లలో ఇసుక మూటలు వేసుకుంటారు. నాకు తెలిసిన అన్ని మార్గాల్లో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, కాని ఎలా పెట్టామన్న దానిమీద ఫలితం ఆధారపడి ఉంటుంది.

ఖాళీ సిమెంటు సంచిలో ఇసుక నింపి మూతి కుట్టేస్తే సుమారు యాభై కిలోలు తూగుతుంది. నాలుగు సంచులంటే రెండు వందల కిలోలు. ఒకటిన్నర టన్నుకు పైబడిన బండికి అది చిన్న బరువే, కాని అంతా వెనక ఇరుసు మీదనే పడితే చక్రాల పట్టులో తేడా చేతికి తెలుస్తుంది. సంచులను ఇరుసుకు సరిగ్గా పైన గానీ, జానెడు ముందుకు గానీ పెట్టాలి. చాలామంది ఎత్తిదించడం సులువని వెనక తలుపుకు ఆనించి వేస్తారు. ఆ బరువు ఇరుసుకు వెనకగా పడి, ఊయల పలకలాగా ముందు భాగాన్ని పైకి లేపి, స్టీరింగు పట్టును తేలిక చేస్తుంది. ఘాట్ మలుపులో అది ప్రమాదం.

రాళ్ళు చేతికి అందుబాటులో ఉంటాయి. బేతంచెర్ల వైపు బండివాళ్ళు నాపరాళ్ళ ముక్కలు వేసుకుని తిరగడం చూశాను. బరువు నిజమే, కాని గట్టిగా బ్రేకు వేసినప్పుడు రాయి జారి క్యాబిన్ వెనక గోడను కొడుతుంది. నీళ్ళ డ్రమ్ములో నీరు అటూఇటూ ఊగి మలుపులో బండిని మరింత పక్కకు తోస్తుంది; అంచుదాకా నింపి మూత బిగిస్తేనే కొంత నయం. ఇసుక సంచి కదలదు, తాడుతో కొక్కేలకు కట్టడం సులువు, పైగా దిగబడినప్పుడు ఒక సంచి విప్పి చక్రాల కింద చల్లుకోవచ్చు. ఎర్ర గరుసు దొరికితే ఇసుక కంటే అది ఇంకా మేలు, ఎందుకంటే జిగటమట్టిలో దాని మొనలు గుచ్చుకుని టైరుకు ఆనుబడి ఇస్తాయి.

ఈ బరువు ఖాళీ బండికే. సరుకెత్తే ముందు సంచులను గట్టున దించాలి, లేకపోతే అనుమతించిన బరువులో నాలుగు బస్తాల ఉల్లి తగ్గించుకున్నట్టే. దించకుండా నిండుగా ఎత్తితే కమాన్ కట్టల (బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగుల) మీదా, వెనక బ్రేకుల మీదా భారం పడుతుంది. మరొక సంగతి కూడా ఒప్పుకోవాలి. దుక్కి దున్నిన చేను బాగా నానినప్పుడు బరువు మేలు చేయదు, బండిని ఇంకా లోతుకు దించుతుంది. పైపొర మాత్రమే తడిసి కింద గట్టినేల ఉన్న రస్తాలో బరువు పనిచేస్తుంది, మోకాలి లోతు మెత్తనైన దుక్కిలో పనిచేయదు. గడ్డపారను ఒక్క పోటు పొడిచి చూస్తే తేడా తెలుస్తుంది. మెత్తగా దిగిపోతే బండిని రస్తా మీదనే నిలిపి, సరుకును ట్రాక్టరుతో బయటికి తెప్పించుకోవడం తప్ప మరో తెలివైన మార్గం లేదు. ఆ ట్రాక్టరు కూలి దండగ అనిపించవచ్చు, కాని దిగబడిన పికప్‌ను బయటికి లాగడానికి అదే ట్రాక్టరును పిలవాలి, అప్పటికి క్లచ్ పలకలు కూడా కాలి ఉంటాయి.

గొలుసులు, లాకింగ్ హౌసింగు, ఫోర్ వీల్ డ్రైవ్

చక్రాలకు చుట్టే మంచు గొలుసులు హిమాచల్, కాశ్మీర్ దారులకు ఉద్దేశించినవి. అక్కడ కూడా వాటిని మంచు పరిచిన రోడ్డు మీద, నెమ్మదిగా నడిపేటప్పుడు మాత్రమే వాడతారు. మన బురదలో అవి పట్టు ఇవ్వవని చెప్పను, కాని చేను నుంచి తారురోడ్డు ఎక్కగానే తీసివేయాలి. జిగటమట్టిలో మునిగిన గొలుసును చీకట్లో విప్పడం ఎంత కష్టమో విప్పినవారికే తెలుసు. ఏడాదికి పది రోజుల అవసరానికి వాటిని కొనవద్దని నా సలహా. కొబ్బరిపీచు మోకు ముక్కలను రిమ్ము రంధ్రాల గుండా టైరుకు చుట్టి కట్టడం పాత పద్ధతి, ఒక్కసారి బయటపడటానికి అది చాలు. కట్టేటప్పుడు బ్రేకు గొట్టానికి తాడు తగలకుండా చూసుకోవాలి.

ఒక చక్రమే గాలిలో తిరుగుతున్నప్పుడు ఇంకొక ఉపాయం ఉంది. హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలకే పట్టే బండిలో దానిని రెండు మూడు పళ్ళు లాగి, రెండో గేరులో ఎక్సలేటరును అతి నెమ్మదిగా ఇస్తే, జారే చక్రానికి అడ్డు తగిలి రెండో చక్రానికి కొంత బలం చేరుతుంది. ఇది అన్నిసార్లూ ఫలించదు, కాని ఖర్చు ఏమీ లేదు. బండి కదిలిన వెంటనే బ్రేకు వదలాలి.

రెండు చక్రాలనూ కలిపి తిప్పే లాకింగ్ డిఫరెన్షియల్ ఉన్న హౌసింగును పాత బండికి అమర్చే ఆలోచన కొందరికి వస్తుంది. కొత్తగా కొనేవారు అది ఉన్న బండిని ఎంచుకోవడం మంచిదే. పాత బండికి మాత్రం సరైన పళ్ళ లెక్కతో క్రౌన్, పినియన్ (హౌసింగులోని పళ్ళచక్రాల జత) దొరకాలి, ఇరుసు కొలత కలవాలి, పని తెలిసిన మెకానిక్ బిగించాలి. వీటిలో ఏది తప్పినా ఉన్న హౌసింగు కూడా పాడవుతుంది. ఆ డబ్బుకు రెండు జతల వెనక టైర్లు వస్తాయంటే టైర్లే తీసుకోండి.

ఫోర్ వీల్ డ్రైవ్ సంగతి వేరు. బొలెరో క్యాంపర్ లాంటి బండ్లలో ఆ రకం ఉంది, బురదలో దానికి సాటి లేదన్నది నిజం. వానాకాలమంతా ప్రతిరోజూ చేలలోకి దిగవలసిన బాడుగ ఉన్నవారు, మంచి పాత బండి దొరికితే దానికి మారడం లెక్కకు నిలుస్తుంది. వారానికి ఒకటి రెండుసార్లు మాత్రమే రస్తా తొక్కేవారికి నిలవదు. ముందు హౌసింగు, ట్రాన్స్‌ఫర్ కేసు (బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె), అదనపు జాయింట్లు, వాటి ఆయిళ్ళు, సీళ్ళు ఏడాది పొడుగునా ఖర్చు పెట్టిస్తాయి. పాత ఫోర్ వీల్ బండిలో ఆ భాగాలు అరిగి ఉంటే కొన్నవారే మూల్యం చెల్లించాలి. అంతకంటే ముఖ్యమైనది, నాలుగు చక్రాలకు బలం అందడం బండిని కదిలించడానికి సాయపడుతుంది, ఆపడానికి కాదు. తడిసిన ఘాట్‌లో రెండు రకాల బండ్లూ ఒకే టైరు పట్టు మీద ఆగాలి.

చలి విషయంలో ఎంత భయపడాలి

కడప సముద్రమట్టానికి సుమారు 138 మీటర్ల ఎత్తున ఉంటే, అనంతపురం 335 మీటర్ల ఎత్తున, హిందూపురం 620 మీటర్ల ఎత్తున ఉన్నాయి. కనుక తెల్లవారుజామున హిందూపురం, మడకశిర వైపు బండి మొరాయించినంతగా కడపలో మొరాయించదు. ఎక్కడైనా మన చలి గడ్డకట్టే చలి కాదు. లడఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో ప్రత్యేక శీతాకాలపు డీజిల్ తెచ్చింది, అది మైనస్ 33 డిగ్రీల వరకు గడ్డకట్టదు. మన దగ్గర డీజిల్ గడ్డకడుతుందని ఎవరైనా రసాయనం సీసా అమ్మితే కొనవద్దు. మనకు డీజిల్‌లో పట్టించుకోవలసింది నీరు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చలికి తడి పేరుకుంటుంది. ఫిల్టరు అడుగున ఉన్న చిన్న మరను వదులు చేసి, చేరిన నీటిని వారానికొకసారి దింపితే పంపు బాగుంటుంది.

ఇంజన్ ఆయిల్‌లోనూ మార్పు అవసరం లేదు. 15డబ్ల్యు-40 రకం సున్నాకు ఎంతో దిగువన ఉన్న చలిలో కూడా పారుతుంది. పాత ఇంజనులో పలుచటి ఖరీదైన ఆయిల్ పోస్తే అరిగిన రింగుల సందుల్లోంచి పైకి వచ్చి కాలిపోవడమే మిగులుతుంది. కూలెంటును గడ్డకట్టకుండా ఉండటానికి కాక, తుప్పు పట్టకుండా ఉండటానికి వాడాలి. మన బోరునీటిలో ఉప్పు, సున్నం ఎక్కువ. ఆ నీరే పోస్తూపోతే రేడియేటర్ గొట్టాల్లో తెల్లటి పొర కట్టి ఎండాకాలంలో ఇంజను కాగుతుంది. కలిపి ఇచ్చిన కూలెంటును గానీ, డిస్టిల్డ్ వాటరుతో కలిపినదాన్ని గానీ పోయడం ఈ చలికాలం కంటే వచ్చే వేసవికి ఎక్కువ మేలు చేస్తుంది.

బ్యాటరీ గురించి ఒక అపోహ ఉంది. చలికి బ్యాటరీ చెడిందని అంటారు. నిజానికి దానిని చెడగొట్టింది మే నెల ఎండ. 42 డిగ్రీల వేడిలో పలకలు దెబ్బతింటాయి, నీరు ఆవిరవుతుంది. చల్లబడిన ఇంజనును తిప్పడానికి ఎక్కువ బలం అడిగినప్పుడు ఆ దెబ్బ బయటపడుతుంది. రాత్రంతా ఊరకున్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 చూపితే సగానికి పడినట్టు. సెల్ఫ్ కొడుతుండగా 9.6 కంటే దిగజారితే దానికి కాలం చెల్లినట్టే. ఇంజను నడుస్తుండగా సుమారు 14 వోల్టులు రాకపోతే తప్పు డైనమోది లేదా బెల్టుది, కొత్త బ్యాటరీ కూడా వారంలో అదే గతి పడుతుంది. ఈ కొలతలు చూడకుండా బ్యాటరీ మార్చడం నేను ఒప్పుకోను.

పాత ఇంజనుల్లో కొన్నిటికి హీటర్ ప్లగ్గులు (స్టార్టు చేసే ముందు ఇంజను లోపల వేడిచేసేవి) ఉంటాయి. అవి ఉన్న బండి తెల్లవారుజామున మొరాయిస్తే ముందు వాటినే పరీక్షించాలి. నేరుగా డీజిల్ చిమ్మే ఇంజను మన చలికి వాటి సాయం లేకుండానే అందుకోవాలి. అందుకోకపోతే గొట్టాల్లో గాలి చేరడమో, కంప్రెషన్ తగ్గడమో కారణం, చలి కాదు. హీటర్ ప్లగ్గులున్న ఇంజనులోకి స్టార్టింగ్ స్ప్రే కొట్టడం, ఆయిల్ చేంబరు కింద మంట పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

పొగమంచులో చూపు

డిసెంబరు తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరి కర్నూలు యార్డుకు పోతున్నప్పుడు నేను భయపడేది ఎదురుగా వచ్చే లారీకి కాదు, ముందు పోతున్న వెనకదీపం లేని ఉల్లి ట్రాక్టరుకు. అద్దం ముందు తెల్లటి గోడ తప్ప ఏమీ ఉండదు. ఉన్నట్టుండి ఆ గోడలోంచి గోనెసంచుల వరుస ముఖం మీదికి వస్తుంది. అటువంటప్పుడు హై బీమ్ వేస్తే పొగమంచు తుంపరలు వెలుతురును మన కళ్ళలోకే తిప్పికొడతాయి. డిమ్ములోనే నడపాలి.

పాత గుండ్రటి దీపంలో ఎక్కువ వెలుగుకోసం బజారులో దొరికే ఎల్ఈడీ బల్బు పెట్టించాలా అన్నది చాలామంది సందేహం. ఆ దీపంలోని అద్దపు డొప్పను హాలోజన్ బల్బు తీగె ఉండే చోటుకు సరిపోయేలా చేశారు. వేరే ఆకారంలో వెలిగే బల్బు పెడితే వెలుగు చెదిరి, ఎదుటివాడి కళ్ళు చెదరగొట్టి, మనకు అవసరమైన దగ్గరి రోడ్డును చీకటిగా వదిలేస్తుంది. పసుపుబారిన అద్దాన్నీ, తుప్పుపట్టిన డొప్పనూ మార్చి, అసలు 60/55 వాట్ల హాలోజన్ బల్బే వేసి, రిలే (బ్యాటరీ నుంచి దీపానికి నేరుగా కరెంటు అందించే స్విచ్చు) పెట్టించి వైరు సరిచేయిస్తే వెలుతురు ఇంత ఉండేదా అనిపిస్తుంది. దానికి తోడు బంపరు కింద, నేలకు దగ్గరగా ఒక జత ఫాగ్ ల్యాంపులు బిగిస్తే చాలు. అవి కింద ఉండాలి, పైకప్పు మీద కాదు. వెనక వైపు ఎర్రటి, పక్కల పసుపు రంగు రిఫ్లెక్టర్ పట్టీలు అతికించడానికి అయ్యే ఖర్చు ఒక పూట బాడుగకు కూడా రాదు, కాని మనలను వెనకనుంచి గుద్దకుండా కాపాడేవి అవే.

ఏసీ లేని క్యాబిన్‌లో లోపలి అద్దం మీద ఆవిరి పడుతుంది. తడి గోనెసంచులు క్యాబిన్‌లో పెట్టకపోవడం, రెండు వైపులా అద్దాలు రెండేసి వేళ్ళ మేర దించడం, ఉతికిన నూలు గుడ్డ చేతికందేలా ఉంచుకోవడం సరిపోతుంది. వైపరు రబ్బరును మాత్రం ప్రతి అక్టోబరులో మార్చాలి, ఎండకు అది పెళుసైపోయి ఉంటుంది.

బ్రేకులూ, వంకలూ

వెనక డ్రమ్ముల్లో నీరు చేరితే మొదటి రెండు మూడు నొక్కులకు బ్రేకు పట్టదు. వంక దాటగానే నెమ్మదిగా పోతూ పెడల్‌ను మెల్లగా నొక్కి పట్టి డ్రమ్ములను ఆరబెట్టాలి, తరువాతే వేగం పెంచాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తడిని పీల్చుకుంటుంది కనుక రెండేళ్ళకొకసారి మార్పించాలి. ఘాట్ దిగేవారు దీనిని వాయిదా వేయకూడదు. ఘాట్‌లో ఎక్కిన గేరులోనే దిగాలి, బ్రేకు మీద దిగకూడదు.

పారే వంకలో దిగడానికి మాత్రం ఏ టైరూ, ఏ బరువూ, ఏ ఫోర్ వీలూ అనుమతి ఇవ్వదు. అడుగు లోతు పరవడి చిన్న కారును కదిలిస్తుంది, రెండడుగుల పరవడి పికప్‌ను కూడా తీసుకుపోతుంది. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు చెయ్యేరు వరదలో ఆర్టీసీ బస్సులే చిక్కుకున్నాయి. కాజ్‌వే (వంక మీది తక్కువ ఎత్తు దారి) పక్కనున్న రాతి స్తంభాలు మునిగి కనిపించకపోతే బండిని మిట్ట మీద నిలిపి నీరు తగ్గేదాకా వేచి ఉంటాను, సరుకు టమాటా అయినా సరే.

టైర్లు మార్పించిన వారు యాభై, వంద కిలోమీటర్లు నడిచిన తరువాత చక్రాల నట్లను మరొకసారి బిగించుకోవాలి. స్టెప్నీని కూడా అప్పుడే కిందికి దించి గాలి చూడండి. నాది పోయిన ఏడాది దించితే దాన్ని పట్టి ఉంచే గొలుసు తుప్పుతో బిగుసుకుపోయి, డీజిల్ పోసి అరగంట కొట్టవలసి వచ్చింది. అది ఇంటి ముందు పగటి వెలుతురులో జరిగింది కనుక సరిపోయింది.